ఎరువుందయ్యో సారు

సాల్మన్ రాజు సారుకు బీపీ లేదు, షుగర్ లేదు, అరవై మూడేళ్లొచ్చినా మోకాళ్ల నొప్పులు కూడా లేవు. ఉన్న రోగం ఒక్కటే. జరగని పనిని ఎవరైనా ‘జరుగుతున్నది’ అంటే ఆయన తట్టుకోలేరు. ‘వస్త’ అనండి, పర్వాలేదు. ‘వచ్చిన’ అనండి, ఇంకా మంచిది. ‘వస్తున్న’ అన్నారో, మీ కాలు గడప దాటి ఉండాలి. దాటలేదా, ఆ పూట మీకు మూడిందే.

ఈ రోగాన్ని మెదక్ పట్టణమంతటికీ నవ్వులాటగా పంచిపెట్టింది మహతి. అప్పుడామెకు ఇరవై రెండేళ్లు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఆమె చెవులు వేడెక్కుతాయి. కూర్చున్నచోటి నుంచి లేచి, అక్కర్లేని పనేదో వెతుక్కుని దాంట్లో తల దూరుస్తుంది.

సారు ఆమెకు స్పానిష్ పంతులు. మెదక్‌కు ఏ దిక్కున చూసినా సముద్రం లేదు, ఉన్న మంజీరలో ఓడ నడవదు. అయినా సారు ఇరవై ఒక్కేళ్లు ఓడల ఇంజన్ గదుల్లో ఫిట్టరుగా పనిచేసి వచ్చారు. తోటి పనివాళ్లంతా చిలీ, పెరూ దేశాలవాళ్లు కావడంతో వాళ్ల భాష వంటబట్టింది. ఉద్యోగం చాలించుకుని వచ్చాక బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం మీద ఒక గది కిరాయికి తీసుకుని క్లాసులు పెట్టారు. స్పానిష్ వస్తే హైదరాబాద్ కాల్ సెంటర్లలో మంచి ఉద్యోగాలున్నాయని తెలిసి ఐదుగురు చేరారు. మహతి, ఆమె దోస్తు ఇషిత, ఇంకో ముగ్గురు.

రోగం సంగతికి వద్దాం. సారు ప్యాంటు కుట్టడానికిచ్చి పది రోజులైంది. టైలర్ గాలయ్యకు ఫోన్ చేశారు.

“ఏమైంది గాలయ్యా?”

“కుడ్తున్న సార్.”

“కుడ్తున్నవా? మరి మిషన్ సప్పుడు వినపడ్తలేదు?”

“గిప్పుడే ఆపిన సార్.”

“ఆపితె కుడ్తున్న అని ఎందుకంటవ్? కుడ్తుంటివి అను. సరే, ఫోన్ మిషన్ కాడ పెట్టు. సప్పుడు వినిపియ్యి.”

గాలయ్య నోటితో టకటకటక అన్నాడు. ఐదు నిమిషాల్లో సారు దుకాణంలో ఉన్నారు.

ఇంకోసారి చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ వెలిసింది. ‘నిరంతరం ప్రజల కోసం శ్రమిస్తున్న మన అమరేందరన్న’ అని నిలువెత్తు బొమ్మ, కింద ఫోన్ నంబరు. మిట్టమధ్యాహ్నం రెండు గంటలకు సారు ఆ బొమ్మ నీడలో నిలబడి ఆ నంబరుకు ఫోన్ కొట్టారు.

“అమరేందర్, ఏం చేస్తున్నవ్ నాయనా?”

“ఎవరు? పండుకున్న అన్నా, జర ఆగి ఫోన్ చెయ్యి.”

“ఈడ శ్రమిస్తున్న అని రాసున్నది. రెండింటి నుంచి నాలుగింటి దాక నీ బొమ్మకు జర బట్ట కప్పమంటవా?”

ఇంట్లో కూడా ఇదే తంతు. “వడ్డిస్తున్న, రాండ్రి” అని పిలిచి, వెళ్లేసరికి ఇంకా కూర దించకుండా ఉంటే సారుకు అన్నం సహించదు. అందుకే ఆయన భార్య రోజీ మేడం ఒక ఉపాయం కనిపెట్టింది. ముందు గంటె అన్నంలో గుచ్చుతుంది, తర్వాత పిలుస్తుంది.

దీనికి మూలం స్పానిష్ భాషలో ఉంది. జరుగుతూ ఉన్న పనిని చెప్పే క్రియారూపాన్ని వాళ్లు ‘హెరుందియో’ అంటారు. సారు బోర్డు మీద రాసేవారు. “‘అర్’ తోక తీసి ‘ఆందో’ పెట్టు. ‘ఎర్’, ‘ఈర్’ తోకలు తీసి ‘ఇయెందో’ పెట్టు. అబ్లార్ అంటె మాట్లాడుడు, అబ్లాందో. కొమేర్ అంటె తినుడు, కొమియెందో. తోక తగిలిచ్చుడు ఎవనికైన వస్తది. ఎప్పుడు తగిలియ్యాల్నో తెలుసుడే సదువు.”

ఒకరోజు మహతి చెయ్యెత్తింది. “సార్, రేపు మేం హైదరాబాద్ పోతున్నం. క్లాసుకు రాము.”

“పోతున్నరా? నా ముందర కూసున్నవు గద?”

“రేపు సార్.”

“రేపటి పనికి హెరుందియో పెట్టరాదు బిడ్డా. ఇంగ్లిష్‌ల నడుస్తది, మన తాన నడుస్తది, స్పానిష్‌ల నడవది. రేపు పోత. అంతే. పో, మంచిగ పోయిరా.”

ఇంకోరోజు ‘మెంతీర్’ అన్న మాట వచ్చింది. అబద్ధమాడటం అని అర్థం. మహతి తోక మార్చి “మెంతియెందో” అంది.

“మింతియెందో” అని సారు దిద్దారు. “లోపటి ‘ఎ’ పోయి ‘ఇ’ అయితది. అబద్ధం ఆడేటప్పుడు లోపట ఏం మారకుంట ఉంటదా?”

మరో పాఠం ‘యేవో’. ఇన్ని నెలల నుంచి ఒక పని చేస్తూ ఉన్నానని చెప్పాలంటే ముందు ‘యేవో’ పెట్టి, నెలలు చెప్పి, చివర హెరుందియో తగిలించాలి. “యేవో అంటే ఏవో నెలలా సార్?” అని ఇషిత నవ్వింది. సారు నవ్వలేదు. “యేవో అంటే మోస్తున్న అని. ఏడుపాయల అమ్మవారికి బోనమెత్తుకొని పోతరు గద, నడుమల దించుతరా? దించితె అది మొక్కు కాదు. నడుమల ఒక్క నెల ఆపినా ‘యేవో’ అనరాదు.”

ఇంత పట్టుదల ఎందుకని ఎవరో అడిగితే ఆయన ఇంజన్ గది సంగతి చెప్పారు. “‘వాల్వు మూస్తున్న’ అని ఒకడు అరిస్తె, వాని చెయ్యి వాల్వు మీదనే ఉండాలె. వాని మాట నమ్మి ఇంకొకడు గొట్టంల చెయ్యి పెడ్తడు. మూస్త అనుడుకు, మూస్తున్న అనుడుకు నడుమల ఆవిరి ఉంటది బిడ్డా. మస్తు వేడి ఉంటది.” ఆ మాట అన్నప్పుడు మాత్రం క్లాసులో ఎవరూ నవ్వలేదు.

కానీ మిగతా రోజులన్నీ నవ్వే. అందరికంటే బాగా నవ్వించేది మహతి. సారు వెళ్లిపోయాక ఆయనలా ఎడమ కనుబొమ్మ పైకెత్తి, అరచెయ్యి చెవికి ఆనించి, “సప్పుడు వినిపియ్యి!” అనేది. పిల్లలు బెంచీల మీద దొర్లేవాళ్లు. ఐదో నెలలో ఒక సాయంత్రం మహతి తన నాన్న చొక్కా ఇన్‌షర్ట్ చేసుకుని, సారులాగే నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడదీసుకుని వచ్చింది. ఇషిత ఫోన్ పట్టుకుని వెనక నుంచి మాటలందించింది.

“సార్, తాళి కడ్తున్న!”

“ఎన్నో ముడి? సప్పుడు వినిపియ్యి!”

“సార్, సస్తున్న!”

“ఇంక మాట్లాడుతున్నవు గద నాయనా!”

“సార్, పండుకుంటున్న!”

“దొర్మియెందో? గురక వినిపియ్యి!”

ఇషిత దాన్ని ‘హెరుందియో సారు’ అని పేరు పెట్టి అదే సాయంత్రం రీల్ చేసి పెట్టింది. రెండు రోజుల్లో డెబ్బై వేల మంది చూశారు. నిజాంపేటలో ఉన్న మహతి మేనత్త ఫోన్ చేసి మరీ నవ్వింది. ఆ రెండు రోజులూ మహతి నేలమీద నడవలేదు.

మూడో రోజుకు సారుకు పేరు పడిపోయింది. హెరుందియో అనే మాట మెదక్ నోళ్లలో పడి నలిగి నలిగి ‘ఎరువుందయ్యో’ అయింది. ఆటోవాళ్లు ఎరువుందయ్యో సారు అన్నారు, ఛాయ్ దుకాణంవాళ్లు ఎరువుందయ్యో సారు అన్నారు. ఎల్దుర్తి నుంచి ఒక రైతు పాపం జిరాక్స్ దుకాణం మెట్లెక్కి, తువ్వాల భుజం మీద సర్దుకుని, “ఈడ ఎరువున్నదంట గద సార్, రెండు బస్తాల యూరియ ఇయ్యుండ్రి” అన్నాడు. సారు ఆయనకు మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ఎరువుకు, హెరుందియోకు తేడా పావుగంట చెప్పి పంపారు. ఆ రైతు కిందికి దిగి, “మంచోడే కని, స్టాకు లేదంట” అన్నాడు.

ఇంతవరకు మహతి నవ్వింది. శనివారం కూరగాయల మార్కెట్లో ఆ నవ్వు ఆగిపోయింది.

సారు వంకాయలు ఏరుకుంటున్నారు. బైకు మీద ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఆగారు. ఒకడు ఫోన్ పైకెత్తి రికార్డు చేస్తూ అడిగాడు. “ఎరువుందయ్యో సార్! ఏం చేస్తుండ్రు?”

“వంకాయలు ఏరుతున్న నాయనా” అన్నారు సారు. సరైన జవాబే. అడిగినవాడికి మర్యాదగా చెప్పారు. “నువ్వు?”

వాళ్లు జవాబు చెప్పలేదు. పగలబడి నవ్వుతూ బండి తిప్పారు. సారు చేతిలో వంకాయ అలాగే పట్టుకుని, వాళ్లు ఏదో చెబుతారని ఇంకొంతసేపు అటే చూస్తూ నిలబడ్డారు. తర్వాత చుట్టూ నవ్వుతున్న మొహాలు కనిపించాయి. వంకాయను బుట్టలో పెట్టేసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయారు.

మహతి ఉల్లిగడ్డల బండి వెనక నక్కి ఉంది. బండివాడు “ఏం కావాలె అక్కా?” అని మూడుసార్లు అడిగాడు. సారు కనుమరుగయ్యాకే ఆమె బయటికొచ్చింది. ఇంటికి వెళ్లి ఇషితతో రీల్ తీసేయించింది. తీసేస్తే ఏమైంది, అప్పటికే అది వంద ఫోన్లలోకి ఎక్కి కూర్చుంది.

సోమవారం క్లాసుకు బయల్దేరింది. జిరాక్స్ దుకాణం దాకా వెళ్లింది. మెట్ల మీద కాలు పెట్టలేకపోయింది. ఏ మొహం పెట్టుకుని ముందు బెంచీలో కూర్చోవాలి? మంగళవారం కూడా అంతే. తర్వాత ప్రయత్నించడమే మానేసింది. కానీ రోజూ నాలుగింటికి తల్లి యశోదతో “అమ్మా, క్లాసుకు పోతున్న” అని చెప్పి, ఇషిత ఇంట్లో కూర్చుని వచ్చేది. పోతున్న అన్నప్పుడల్లా ఎవరో కనుబొమ్మ పైకెత్తినట్టు అనిపించేది. అలా మూడు నెలలు.

ఆ మూడు నెలలు నిండిన ఆదివారం, జాకెట్ తెమ్మని తల్లి గాలయ్య దుకాణానికి పంపింది. గాలయ్య మిషన్ ముందు కూర్చుని, ఆమె మొహాన్ని ఒక కంటితో పరీక్షగా చూశాడు.

“నువ్వేనా బిడ్డా, వీడియోల సారు లెక్క చేసింది?”

మహతికి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. “అవు తాతా.”

“మస్తు చేసినవ్. మా మనుమరాలు చూపిచ్చింది. కని సగమే చేసినవ్.”

“సగమేంది తాతా?”

“సప్పుడు వినిపియ్యి అన్నదాకనే చేసినవ్. గాయిన తర్వాత ఏం చేసిండో చెయ్యలే.” గాలయ్య మిషన్ మీది దిండును ఆమె ముందుకు జరిపాడు. “గా దినం సారు ఉరికొచ్చిండు. కుడ్తలేనని చూసిండు. ఎందుకు కుడ్తలేవంటె, చెప్పిన. కండ్లల్ల పొర వచ్చింది సార్, సూదిల దారం ఎక్కుతలేదు అని. ఒక మాట అనలే. గీ స్టూల్ మీద కూసుండి ఇరవై సూదులల్ల ఇరవై రంగుల దారం ఎక్కిచ్చి, గీ దిండుకు వరుసగ గుచ్చి పోయిండు. నాకు నాలుగు దినాలు నడిచింది. మళ్ల ఫోన్ చేసిండు. కుడ్తున్నవా? అని. కుడ్తున్న సార్ అన్న. నిజంగనే కుడ్తున్న గప్పుడు.”

మహతి జాకెట్ ఉన్న సంచీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“దవాఖానకు పొమ్మన్నడు. పోతున్న సార్, పోతున్న సార్ అని చెప్పుకుంట నెల దాటిచ్చిన. నాకు ఆపరేషన్ అంటె భయం బిడ్డా. ఓనాడు పొద్దున్నే ఆటో తెచ్చి ఇంటి ముందట పెట్టిండు. ‘పోతున్న అన్నవ్ గద, నడువ్, పోతున్నవ్’ అన్నడు. ఒక కన్ను అయింది. మంచిగ కనవడ్తుంది.”

“మరి రెండోది?”

గాలయ్య నవ్వు తగ్గించాడు. “పోతున్న సార్ అనే చెప్పిన, ఎదురుంగ వస్తె. గీసారి ఆటో రాలే. ‘మంచిది గాలయ్యా’ అని పోయిండు. నువ్వు నిజంగ పోతున్నవా అని సుత అడగలే. వీడియో వచ్చినప్పటి సంది గాయిన ఎవల్నీ ఏం అడుగుతలేడు. అడిగితె నవ్వుతరని కావొచ్చు.”

ఆయన నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే చెప్పాడు. అదే మహతికి ఎక్కువ కాలింది. సారును వెక్కిరించినందుకే సిగ్గుపడుతోంది ఇన్నాళ్లూ. తను నవ్వించిన నవ్వు ఒక ముసలాయన కన్ను దాకా వచ్చిందని ఆ రోజే తెలిసింది. వెళ్లి సారు కాళ్ల మీద పడాలనుకుంది. బుధవారం దాకా అనుకుంటూనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం ఆమెకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి స్పానిష్ వచ్చినవాళ్లు కావాలి. అడిగేది సహస్ర అనే మేడం, అక్కడి ట్రైనర్. అంతా బాగానే నడిచింది. చివర్లో ఆమె స్పానిష్‌లో అడిగింది, ఎంత కాలం నుంచి నేర్చుకుంటున్నావని.

ఐదు నెలలు చదివి మానేశానంటే ఎందుకు మానేశావంటుంది. మహతి నాలుక ఆమెను అడగకుండానే కదిలింది.

“యేవో ఒచో మేసెస్ ఎస్తుదియాందో.” ఎనిమిది నెలల నుంచి చదువుతూ ఉన్నాను.

“వెరీ గుడ్! వాక్యం ఎంత చక్కగా కట్టావు! మీ సార్ నంబర్ ఫారంలో ఇచ్చావు కదా? మూడు గంటలకు ఒకసారి కాల్ చేస్తాను. ఊరికే, ఫార్మాలిటీ.”

స్క్రీన్ ఆరిపోయింది. మహతి మొహం నల్లటి అద్దంలో కనిపించింది. రెండుంబావు అయింది. ఏ మాట ఎలా వాడకూడదని ఆయన దగ్గర నేర్చుకుందో, సరిగ్గా ఆ మాటనే అలా వాడి, సాక్ష్యానికి ఆయన నంబరే ఇచ్చింది. ఎండలో స్కూటీ తీసి సారు ఇంటి దారి పట్టింది.

తలుపు రోజీ మేడం తీసింది. మహతిని చూసి ఆశ్చర్యపోయింది కానీ కోప్పడలేదు. “రా బిడ్డా. మొఖం గట్లయిందేంది?” అంటూ గొంతు తగ్గించింది. “నువ్వొచ్చినవ్, మంచిదైంది. మీ సారు మనిషి మనిషి లెక్క లేడు. వడ్డిస్తున్న అని పిలిచి అర్ధగంట కూసోవెట్టినా నోరెత్తుతలేడు. నాకే పరేషాన్ అయితుంది.”

సారు లోపల బల్ల దగ్గర పేపర్లు దిద్దుతున్నారు. తలెత్తి చూశారు. మహతి గుమ్మంలోనే ఆగిపోయింది. తెలుగులో చెప్పడానికి సిగ్గు అడ్డం వచ్చింది.

“సార్... ఎస్తోయ్ మింతియెందో.” అబద్ధమాడుతున్నాను.

సారు ఎర్ర పెన్ను కింద పెట్టారు. “గిప్పుడా?”

“కాదు సార్. ఇందాక.”

“అట్లయితె ‘మెంతీ’ అను. అబద్ధమాడిన. అయిపోయిన పని.”

“అయిపోలే సార్! మూడు గంటలకు ఆ మేడం మీకు ఫోన్ చేస్తది. నేను ఎనిమిది నెలల సంది మీ దగ్గర చదువుతున్నని చెప్పిన. గప్పటి దాక నా అబద్ధం నడుస్తనే ఉన్నది.”

సారు ఆలోచించారు. “అట్లనా? అయితె నువ్వన్నదే కరెక్టు.”

మహతికి ఏడుపాగలేదు. వీడియో సంగతి, మార్కెట్లో ఉల్లిగడ్డల బండి సంగతి, ఇంట్లో రోజూ ‘పోతున్న’ అన్న సంగతి అన్నీ ఒకదాని మీద ఒకటి చెప్పేసింది. “మిమ్మల్ని ఊరంత నవ్వులపాలు చేసిన సార్. నన్ను తిట్టుండ్రి.”

“చూసిన వీడియో” అన్నారు సారు. “నాకు మస్తు కష్టమైంది.”

మహతి తల వంచుకుంది.

“దొర్మియెందో అన్నవ్. దుర్మియెందో అనాలె. పండుకున్నోనికి సుత లోపట మారుతదని చెప్పిన్నా లేదా? డెబ్బై వేల మంది తప్పు నేర్సుకుండ్రు. మళ్ల తియ్యి, సరిగ్గ తియ్యి.” ఆ మాట గట్టిగానే అన్నారు. కానీ కళ్లు మాత్రం పేపర్ల మీదికి దించుకున్నారు. ఆయనకు కష్టమైంది ఆ ఒక్క అక్షరం వల్ల కాదని మహతికి అర్థమైంది. ఆ కష్టం మాట ఆమె ఎత్తకుండా ఆయన వ్యాకరణాన్ని అడ్డం పెట్టుకున్నారని కూడా.

“ఇంకొకటి సార్. గాలయ్య తాత రెండో కన్నుకు దవాఖానకు పోతున్న పోతున్న అంటుండు. పోతలేడు.”

సారు ఎడమ కనుబొమ్మ, మూడు నెలల తర్వాత, మెల్లగా పైకి లేచింది. “ఇంక పోతున్న అనే అంటుండా?”

“అవు సార్.”

“రేపు పొద్దున ఆటో చెప్పాలె” అని సారు గొణుక్కున్నారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ రోజీ మేడం కొంగుతో నోరు మూసుకుంది.

గోడ గడియారం మూడు చూపించింది. బల్ల మీద ఫోన్ మోగింది.

“నేను అబద్ధం చెప్ప” అన్నారు సారు.

“వద్దు సార్. ఉన్నదే చెప్పుండ్రి. గది చెప్పనీకే వచ్చిన.”

సారు ఫోన్ వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నారు. గబగబా తన పుస్తకం తెరిచి ఆమె ముందుకు నెట్టారు. “కూసో. సదువు.”

“సార్, ఫోన్...”

“సదువు ముందు!”

“సార్, ఆగిపోతది సార్!”

“పదమూడో పేజీ! పైనుంచి!”

మహతి కూలబడి, కన్నీళ్లు తుడుచుకుంటూ, కనిపించీ కనిపించని మొదటి వాక్యం చదివింది. అది చెవిన పడ్డాకే సారు ఫోన్ ఎత్తి స్పీకర్ నొక్కారు.

“సార్, నమస్తే. నా పేరు సహస్ర. మహతి అనే అమ్మాయి మీ దగ్గర స్పానిష్ చదువుతోందా?”

“చదువుతుంది మేడం. గిప్పుడే. నా ముందర. పదమూడో పేజీ. సప్పుడు వినుండ్రి.” ఫోన్ తీసుకెళ్లి మహతి నోటి దగ్గర పెట్టారు.

మహతి రెండు వాక్యాలు చదివింది.

“ఓకే... ఎనిమిది నెలల నుంచా సార్?”

“కాదు మేడం. ఐదు నెలలు చదివింది. మూడు నెలలు చదవలే. మళ్ల చదువుతుంది, ఒక నిమిషం సంది.”

“నాతో మాత్రం యేవో ఒచో మేసెస్ అంది.”

“ఏవో నెలలు చెప్పింది మేడం. తప్పే. ఆ పిల్లకు నా దగ్గరికి రానీకె మొఖం చెల్లలే. అది మా ఇద్దరి సంగతి, ఇడిసిపెట్టుండ్రి. కని మీరు ఫోన్ చెయ్యకముందే, ఎవరు అడగకుంటనే, ఎండల వచ్చి ఒప్పుకున్నది. గిది సుత రాసుకోండ్రి.”

“మరి తీసుకోమంటారా, వద్దంటారా సార్?”

“జరిగింది చెప్పిన, జరుగుతున్నది చెప్పిన. జరగబోయేది మీ చేతులల్ల ఉన్నది మేడం.”

సహస్ర మేడం నవ్వు ఆపుకుంటున్నట్టు గొంతులో తెలిసింది. “ఫోన్ ఆమెకివ్వండి సార్. మహతీ, అబద్ధం చెప్పినందుకు ఈ బ్యాచ్‌లో నీ సీటు పోయింది.”

“సరే మేడం” అంది మహతి. ఎందుకో అది విన్నాక గుండె తేలికైంది.

“ఒప్పుకున్నందుకు వచ్చే నెల బ్యాచ్‌కు మళ్లీ పరీక్ష పెడతాను. ఈ నెలంతా నిజంగా చదువు. ఇప్పుడు ఒక్క ప్రశ్న. కే ఎస్తా అసియెందో తు ప్రొఫెసోర్ ఆవొరా?” మీ సారు ఇప్పుడేం చేస్తున్నారు?

మహతి తలెత్తి చూసింది. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. పదమూడో పేజీ ఎగిరిపోకుండా సారు బల్ల మీదికి వంగి, పుస్తకం అంచును బొటనవేలితో అదిమి పట్టుకుని ఉన్నారు. ఇంకో చేతిలో ఎర్ర పెన్ను, ఆమె తప్పు చెబితే దిద్దడానికి సిద్ధంగా.

“మె ఎస్తా అయుదాందో” అంది మహతి. నాకు సాయం చేస్తున్నారు.

సారు పెన్ను పైకి లేచింది. తోక చూశారు, సరిగ్గానే తగిలించింది. ముందున్న చిన్న మాట చూశారు, అదీ ఉండాల్సిన చోటే ఉంది. చివరికి తన బొటనవేలి వైపు చూసుకున్నారు. కాదనడానికి లేదు, పని జరుగుతూనే ఉంది.

“సరిగ్గనే ఉన్నది” అన్నారు సారు, కొంచెం ఓడిపోయినట్టు మొహం పెట్టి.